ఉపవాసముండి ఆగ్నెస్ ఇంటికి వెళ్లిన రోజు

ఈ మధ్య దుబాయ్‌లోని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కొత్తగా చేరినవాళ్లు కొందరు, "అక్కా, మీరు ఉగాండా పల్లెలకి సేవకెళ్లొచ్చారంట గదా, ఎట్టా వెళ్లాలి, ఎంతవుద్ది" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, ఆ ప్రయాణం మీద నాకెంత బెంగ ఉందో. అప్పుడు ముగ్గురం వెళ్లాం. కరామాలో ఒక గుజరాతీ ఇంట్లో వంట చేసే సంతోషమ్మ అక్క నిరుడు వీసా రద్దు చేసుకుని కడప వెళ్లిపోయింది. అల్ ఖూజ్‌లో ఒక గోదాముకి ఫోర్‌మన్‌గా ఉండే సాల్మన్ అన్న ఇప్పుడు సౌదీలో ఉన్నాడు. కరామాలోనే కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే నేనొక్కదాన్నే ఇక్కడ మిగిలాను. ఆరాధనకి వెళ్లినప్పుడల్లా వాళ్లిద్దరూ కూర్చునే వరుసవైపు కళ్లు పోతూనే ఉంటాయి.

ఈ ప్రయాణానికి మూలం పీటర్ అనే ఉగాండా కుర్రాడు. సాల్మన్ అన్న గోదాము గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. వాళ్ల బావ ఊళ్లో పాస్టరు. ఇటుక గోడలు, రేకుల కప్పు ఉన్న చిన్న గుడి, దాని పక్కనే ఇల్లు. ఆయన పోయాక పీటర్ వాళ్ల అక్క ఆగ్నెస్సే గుడి నడుపుతోంది. అయితే వాళ్ల వంశపు పెద్దలకి అది నచ్చలేదు. ఒంటరి ఆడమనిషి గుడికొచ్చేవాళ్లకి మర్యాద ఏం చేస్తుంది, ఇంత అన్నం ఏం పెడుతుంది, ఇల్లూ గుడీ మరిదికి అప్పగించమన్నారు. ఆమె పెట్టగలనంది. సరే, అతిథుల్ని రానీ, మేమూ వచ్చి చూస్తాం అన్నారట. పీటర్ ఇదంతా చెప్పి, "అన్నా, మీరు ప్రసంగాలేం చెయ్యనక్కర్లేదు, అతిథులుగా వెళ్లండి చాలు" అని సాల్మన్ అన్నని బతిమాలాడు. అన్న ఆ శుక్రవారమే సంఘంలో చెప్పేశాడు. చెప్పి ఊరుకోలేదు. ఆగ్నెస్ గుడి ఆమెకే నిలవాలని, అక్కడ అడుగుపెట్టే రోజంతా ఉపవాసముంటామని అందరి ముందూ మొక్కుకున్నాడు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, డ్రైవింగ్ టెస్టుకి కూడా ఉపవాస ప్రార్థన పెట్టించుకుంటాం. కాబట్టి అది గొప్ప ఆలోచన అని అందరం ఆమెన్ అన్నాం.

ఇక ఖర్చుల సంగతి. వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది, యాభై డాలర్లు. పచ్చజ్వరం టీకా కార్డు లేకపోతే ఎంటెబ్బే విమానాశ్రయంలో తిప్పలే, దాన్ని పదిరోజుల ముందే వేయించుకోవాలి. మలేరియా మాత్రలు డాక్టరునడిగి ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఈద్ సెలవుల్లో వెళ్లాం గనక టికెట్ ధర మండిపోయింది. మామూలు రోజుల్లో రానూపోనూ పదిహేను వందల దిర్హాములకి కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. దుబాయ్ నుంచి నేరుగా ఐదారు గంటల విమానం. మా సామాన్లో సగం నేను తీసుకున్న చదువుకునే కళ్లజోళ్లు, సగం సంతోషమ్మ అక్క కారంపొడి. "ఇన్ని కిలోలెందుకక్కా" అంటే, "యాడికి పోయినా నోరు సావగూడదు పాపా" అంది.

దిగిన రాత్రి ఎంటెబ్బేలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో పడుకుని తెల్లవారుజామునే బయల్దేరాం. వ్యాను, డ్రైవరు కలిపి రోజుకి వంద డాలర్లు, డీజిల్ మనదే. డ్రైవర్ పేరు మోజెస్. సాల్మన్ అన్న అతన్ని మొదటి నిమిషం నుంచీ మోషే అనే పిలిచాడు, అతనూ పలికాడు. కంపాలా ట్రాఫిక్ మొదలవకముందే దాటేస్తే జింజా దగ్గర నైలు నది వంతెన మీదికి ఎండ ఎక్కేలోపు చేరొచ్చు. అక్కడ రోడ్డు పక్కన కోడిగుడ్డట్టుని చపాతీలో చుట్టి అమ్ముతారు, దాని పేరు రోలెక్స్. మోజెస్ రెండు తిన్నాడు. మేం మాత్రం వ్యాన్లో మంచినీళ్లు తాగుతూ అతన్ని చూస్తూ కూర్చున్నాం. "ఈ ప్రయాణంలో మొదటి శోధన ఇదే" అన్నాడు సాల్మన్ అన్న. మీరు మాత్రం తినండి, చాలా బాగుంటుందట.

ఎంబాలే పట్నం దాటి ఉత్తరానికి తిరిగాక తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టాం. అటూ ఇటూ వేరుశెనగ చేలు, చోళ్ల చేలు. నెత్తిన నీళ్ల డబ్బాలతో ఆడపిల్లలు మా వ్యానుకి దారిచ్చి, దుమ్ము తగ్గేదాకా కళ్లు మూసుకుని నిలబడేవారు. చిన్నప్పుడు ఒంగోలు వైపు బస్సొస్తే మేమూ అచ్చం అట్లాగే నిలబడేవాళ్లం. ఇరవై ఏళ్ల నుంచి ఎత్తైన భవనాల మధ్య తిరుగుతున్నదాన్ని, మా పొలాల గట్లు ఇక్కడ, ఇంత దూరంలో కనిపిస్తాయని అనుకోలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక ఆగ్నెస్ ఇంటికి చేరాం. సన్నగా, పొడుగ్గా ఉంది. మమ్మల్ని చూడగానే మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మా చేతులు పట్టుకుంది. అక్కడ ఆడవాళ్లు అతిథిని పలకరించే పద్ధతి అది. సంతోషమ్మ అక్క కంగారుపడి తనూ మోకరించేసింది. ఇద్దరూ అలాగే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మామిడిచెట్టు నీడలో కర్రకుర్చీల్లో నలుగురు పెద్దలు అప్పటికే కూర్చుని ఉన్నారు. వాళ్లలో అందరికంటే ముసలాయన ఆగ్నెస్ మామగారికి అన్న. చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని మమ్మల్ని పరిశీలనగా చూశాడు.

ఆగ్నెస్ చేటతో మూసిన బుట్టలు తెచ్చి బల్ల మీద పెట్టింది. చోళ్ల సంగటి, వేరుశెనగ ముద్దలో ఉడికించిన ఆకుకూర, చిలగడదుంపలు, ఒక కుండలో కోడికూర. వాళ్ల అమ్మాయి చెంబుతో నీళ్లు పట్టుకుని నా ముందుకొచ్చి చేతులు కడుక్కోమన్నట్టు నిలబడింది. అప్పుడు సాల్మన్ అన్న లేచి, ఎంతో ప్రేమగా, ఇంగ్లీషులో చెప్పాడు. మేము ఈ ఇంటి కోసం ఇవాళంతా ఉపవాసం, సూర్యుడు కుంకాక తప్పకుండా తింటాం అని.

మోజెస్ దాన్ని వాళ్ల భాషలో చెబుతూ చెబుతూ గొంతు తగ్గించాడు. ఆగ్నెస్ చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. ముసలాయన పక్కాయనతో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే మోజెస్ మొహమాటపడుతూ చెప్పాడు. "అతిథులు ముట్టుకోనిదే పెద్దలు ముట్టుకోరు. చీకటిపడేలోపు వాళ్లు ఊరు చేరాలి. అతిథులు ఈ ఇంట్లో తినలేదనే మాట పట్టుకుని వెళతారు."

"నాలుగు గంటలు ఆగలేరంటనా" అన్నాడు అన్న తెలుగులో. "ఇప్పుడు తినేస్తే దేవుడి ముందు మొక్కుకున్న మాటేం గావాల?"

"ఈయమ్మ పొద్దన్నుంచి పొయ్యికాడనే ఉండాది సాల్మనూ" అంది సంతోషమ్మ అక్క.

నాకు అక్కడ ఆగ్నెస్ కాదు, మా అమ్మ కనిపించింది. ఊరి బయట ఉండే మా పేటకి ఒకసారి పట్నం నుంచి కొత్త పాస్టరయ్యగారు వచ్చారు. అమ్మ ఉన్న ఒక్క పెట్టనీ కోసి వండింది. ఆయన కుర్చీలో కూర్చుని, ప్రార్థన చేసి, "ఇవాళ నాకు ఉపవాసం అమ్మా" అని లేచి వెళ్లిపోయారు. నిజంగానే ఉపవాసమేమో. కానీ పైనుంచి వచ్చినవాళ్లు మా పేటలో ముద్ద ముట్టకపోవడానికి మావాళ్లకి తెలిసిన కారణం ఒక్కటే. అమ్మ ఆ కూరంతా చుట్టుపక్కల పిల్లలకి పెట్టేసి, ఆ రోజు తను పచ్చిమంచినీళ్లు కూడా తాగలేదు. ఆ తర్వాత ఎవర్నీ భోజనానికి పిలవలేదు.

"అన్నా, మన పేటల్లోకి వచ్చినవాళ్లు తినకుండా పోతే మనవాళ్లేమనుకునేవాళ్లు?" అన్నాను.

సాల్మన్ అన్న నావైపు చూశాడు. ఆయనది చీరాల దగ్గర, మాలాంటి పేటే. ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. "మొక్కుకుంది ఈయమ్మ కోసమే గదా. తిన్నా ఈయమ్మ కోసమే. ఖలాస్, కూర్చోండి" అన్నాడు. ఆ అమ్మాయి ముందు చేతులు చాపి కడుక్కుని, అందరికంటే ముందు సంగటి ముద్ద తుంచి కోడి పులుసులో ముంచాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు. సంతోషమ్మ అక్క కారంపొడి సంచి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మేం తినడం చూశాక ముసలాయన తన పళ్లెం ఆగ్నెస్ వైపు చాపాడు. వెళ్లేముందు చేతికర్ర ఊతగా లేచి ఆమెతో ఒక్క మాటన్నాడు. మోజెస్ నవ్వుతూ చెప్పాడు. "ఈసారి అతిథులొచ్చేముందు నాకు కబురు పెట్టు, మేకని తోలిస్తా అంటున్నాడు." ఆగ్నెస్ మోకాళ్ల మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాతి రోజుల్లో గుడిలో పాటలు పాడాం, ముసలివాళ్లకి కళ్లజోళ్లు పెట్టాం. అవన్నీ ఫొటోల్లో ఉన్నాయి. నాకు మాత్రం ఆ మొదటి రోజే మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. గుడి ఇప్పటికీ ఆగ్నెస్‌దేనని పీటర్ చెబుతుంటాడు. సేవ అంటే మనం ఏదో తీసుకెళ్లి ఇవ్వడమని అనుకుని బయల్దేరాం. ఆమెకి కావలసింది, తను పెట్టింది మేం పుచ్చుకోవడం. ఆ రోజు అమ్మ బతికుంటే ఫోన్ చేసి, నేను తిన్నానమ్మా అని చెప్పేదాన్ని. మీరు వెళ్లేటట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఉపవాసాలుంటే దుబాయ్‌లోనే ముగించుకుని వెళ్లండి, మొదటి రోజు ఆ ఇంటి గుమ్మంలోకి మాత్రం ఆకలితో వెళ్లండి.