కింది మడి తూము

నా చిన్నప్పుడు నందిగాం దగ్గర మా వరి మడుల్లో మగవాళ్లంతా కలిసి ఒక పూటంతా అక్కరలేని చోట మట్టి వేశారు. ఆ సంగతి తలుచుకుంటే ఇదివరకు నవ్వొచ్చేది. ఈ ఏడాది మాత్రం ఒళ్లు మండుతోంది. ఎందుకంటే ఇప్పుడు మా ఇంటిల్లిపాదీ నా విషయంలో అదే పని చేస్తున్నారు.

మా మడులు మెట్లలా ఉండేవి. పై మడి నీరు కింది మడిలోకి దిగి, దాని చివరనున్న తూములోంచి పక్క వాగులోకి, మా వైపు మాటలో గెడ్డలోకి, పోవాలి. ఆ రోజు పెద్ద వానకు పై మడి నిండిపోయి గట్టు తెగడం మొదలుపెట్టింది. మా తాతయ్య, మా నాన్న, పాలేరు తెగిన చోటల్లా మట్టి కొట్టారు. ఇక్కడ పూడిస్తే అక్కడ తెగేది. తాతయ్యకు ముక్కు మీద కోపం. గట్టును తిట్టారు, వానను తిట్టారు, చివరికి మట్టి తట్ట మోస్తున్న నన్నూ తిట్టారు.

అన్నం కేరేజీతో మా పెద్దమ్మ వచ్చింది. కాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని కిందికి నడిచింది. గట్టు పైన తెగుతుంటే ఈవిడ కిందికి పోతుందేమిటని నాకు చిరాకేసింది. తీరా చూస్తే కింది మడి కూడా నిండి ఉంది. తూముకు అడ్డంగా ఎవరో చేపల కోసం వెదురు బుట్ట పెట్టారు. వానల్లో మా వైపు అది మామూలే. ఆ వానకు బుట్ట తీయడానికి ఎవరూ రాలేదు, గడ్డీ చెత్తా పట్టి తూము మూసుకుపోయింది.

"గట్టు తప్పేటీ నేదే గుంటా. ఎల్లాల్సిన నీరు ఎల్లకపోతే మీదున్న గట్టేటి సేత్తాది?" అంది పెద్దమ్మ.

బుట్ట లాగేసరికి నీరు దూకుతూ గెడ్డలో పడింది. నేను పైకి పరిగెత్తి చూసి, ఏమీ తగ్గలేదని వచ్చి ఫిర్యాదు చేశాను. ముందు కింది మడి తగ్గాలని, ఆ తర్వాతే పైదని చెప్పి, తాతయ్య అన్నంలోంచి నాకు నాలుగు ముద్దలు పెట్టి కూర్చోబెట్టింది. నీరు నెమ్మదిగా తగ్గింది. కానీ అంతసేపు నానిన గట్టు ఒక మూల మెత్తబడిపోయి, నీరు తగ్గాక కూడా జారిపోయింది. అక్కడి నాట్లన్నీ మట్టి కింద పోయాయి. కొంచెం ముందు చూసుంటే మిగిలేదని పెద్దమ్మ చాలా బాధపడింది.

ఇప్పటి నా సంగతికొస్తే, టెక్కలిలో పంతులమ్మగా రిటైరై పలాసలో ఉంటున్నాను. కిందటి వానాకాలం నుంచి మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు, సాయంత్రానికి పాదాల వాపు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో కాళ్లు వాస్తే ఇంకో జబ్బు పేరు ఎవరి నోటా రాదు, కిడ్నీలే అంటారు. కోడలు నాకు పప్పు మానిపించింది, కొబ్బరి బొండాలు మానిపించింది. అక్కుపల్లి వదిన చూడ్డానికొచ్చి నేను పోయినట్టే ఏడ్చింది. పరీక్షలు చేయిస్తే కిడ్నీలు ఏ లోపమూ లేకుండా గుండ్రాయిలా ఉన్నాయి. అప్పుడు తప్పు జీడి పరిశ్రమల పొగ మీదకి మళ్లి, పీల్చే మందొకటి చేతికొచ్చింది. వాపు వాపులానే ఉంది, ఆయాసం ఆయాసంలానే ఉంది.

చివరికి గుండెకు స్కానింగ్ చేసిన డాక్టరు చెప్పాడు. చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండెలో ఎడమవైపు కవాటం సన్నబడిందట. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం అందులోంచి సరిగా దిగక వెనక్కి నిలిచిపోయి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందట. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోసి తోసి కుడివైపు గుండె అలిసిపోతోందట, కాళ్ల వాపు అందుకేనట. బెలూన్ పెట్టి కవాటం తెరవాలన్నాడు. ఆలస్యం చేస్తే ఆ రక్తనాళాలు గట్టిపడిపోయి, తర్వాత తెరిచినా మునుపటిలా కావన్నాడు. ఆయన బొమ్మ గీయడం పూర్తికాకముందే నాకు మా కింది మడి కళ్లముందుకొచ్చింది.

మా వాళ్లకు మాత్రం రాలేదు. మా ఆయన ఇంటికొచ్చీ రాగానే, "బీపీ ఊపిరితిత్తుల్లో ఉందన్నాడు కదా, గుండె జోలికెందుకే? దానికే మందేసుకుంటే పోతాది" అన్నారు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. మా అబ్బాయి జీడిపిక్కల పని అయ్యాక చూద్దామంటాడు. నలభై మంది పిల్లలకు ఒకేసారి లెక్కలు నేర్పిన నోరు ఇంట్లో ఇద్దరి ముందు అరిగిపోయింది. ఆయాసంతో గట్టిగా అరవలేను కూడా, అది ఇంకా కోపం.

ఇన్నాళ్లూ పెద్దమ్మ బుట్ట లాగడమే నాకు నేర్పిన పాఠం అనుకున్నాను. ఇప్పుడు నన్ను కూర్చోనివ్వనిది ఆ జారిపోయిన మూల. నీరు తగ్గాక కూడా నిలబడలేకపోయిన ఆ గట్టు.

నిన్న పొద్దున్న ఎవరినీ అడగకుండా నేనే విశాఖ ఆస్పత్రికి ఫోన్ చేసి తేదీ తీసుకున్నాను. జీడిపిక్కలు ఎవరైనా ఏరుకోవచ్చు. నా గట్టు ఇంకా జారలేదు.