మూడుతో భాగిస్తే మిగిలినవి

మొన్న పొద్దున మొదటి షిఫ్టుకు దీపాలిచ్చి కూర్చున్నానో లేదో ఫోన్ వచ్చింది. మా ల్యాంపు రూం కాక పోయాడు. రిటైరై నాలుగు నెలలు కాలేదు. ఊపిరాడక దవాఖానలో పోయాడట. మూడింటికి తీసుకుపోతామన్నారు. సెలవడిగితే "నీ బదులు ఎవడున్నడు?" అన్నాడు సూపర్‌వైజర్. కాంట్రాక్టు పనోడు ఏడవాలన్నా డ్యూటీ అయ్యాకే ఏడవాలి.

మా పని మీకు చెప్పాలి. బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇస్తాం, వచ్చాక తీసుకుంటాం. వాపసు రాని దీపమంటే కిందనే ఉన్న మనిషి. కాక షిఫ్టు చివర దీపాలు తగిలించే ప్రతి కొక్కేన్నీ చేత్తో తడిమేవాడు. ఫోన్లో వీడియోలు చూసి కంప్యూటర్ నేర్చుకున్న నాకు నవ్వొచ్చేది.

"ఇంకా గీ తడుముడేంది కాకా?"

"నీ డబ్బా నంబరు చూస్తది బిడ్డా. నేను మనిషిని చూస్త."

దీపాల లెక్క రాసే మెషిన్ ఇచ్చే జాబితాలో ఒక్కొక్కరికి మూడు వరసలు, ఒకదాని కింద ఒకటి: దీపం నంబరు, దిగిన టైం, వచ్చిన టైం. ఫార్ములాతో ప్రతి మూడింటినీ అడ్డంగా పరిచి మూడు కాలమ్‌లు చేశాను. మహా గర్వపడ్డాను.

ఒకరోజు ఒకతను పైకి రాలేదు. రానివాడికి మెషిన్ ఖాళీ వరస వదలదు. అందుకని తర్వాతివాడి దీపం నంబరు ఇతని 'వచ్చిన టైం' గడిలోకి ఎక్కింది. కిందివన్నీ ఒక్కో గడి జరిగాయి. చివరి ఖాళీలో సున్నా కూర్చుంది. నా లెక్క దాన్నీ నిండినట్టే చూసింది. అందరూ వచ్చారని కాగితం తీసిచ్చాను.

కాక చెయ్యి ఒక ఖాళీ కొక్కెం మీద ఆగింది. కాగితం లాక్కుని చూశాడు. "అరేయ్, వీడు రెండొందల పద్నాలుగు గంటలకు వచ్చిండా? నీ దగ్గర రోజుకెన్ని గంటల్రా?"

ఆ మనిషి జ్వరంతో పక్క తోవలో పడిపోయి ఉన్నాడు. తర్వాతి షిఫ్టుకు అక్కడ బ్లాస్టింగ్ ఉంది. కాక ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. "భయమైందా? మంచిగైంది. గా భయాన్ని పోనియ్యకు" అన్నాడంతే.

అప్పట్నుంచి ముందు వరసలు లెక్కపెట్టి మూడుతో భాగిస్తాను. ఏమైనా మిగిలితే ఆగుతాను.

మొన్న షిఫ్టు చివర రెండు మిగిలాయి. అంటే ఒక వరస తక్కువ.

"అందరొచ్చిన్రు గదా, సంతకం పెట్టు జల్ది" అన్నాడు సూపర్‌వైజర్.

"రాలే సార్. ఒకలు కిందనే ఉన్నరు."

"గడులన్నీ నిండినయ్ గదరా!"

"నిండినయ్ సార్. నేను పెట్ట."

అరిచాడు. నేనూ అరిచాను. కొక్కేలు తడిమితే ఒకటి ఖాళీ. కింద ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరు వెతకడానికి దిగారు.

నేను బాయి మొగదల నిలబడ్డాను. గేటు అవతల రోడ్డు మీద డప్పులు. కాకను తీసుకుపోతున్నారు. తల తిప్పలేదు. తిప్పితే ఆలోపు కింద ఏమైనా అవుతుందేమోనని భయం. డప్పులు దూరమయ్యాయి.

చాలాసేపటికి బాయిలోకి దిగే ఏటవాలు తోవ అడుగున రెండు దీపాలు ఊగాయి. వాటి మధ్య, మోసుకొస్తున్నట్టు నడుము ఎత్తులో, మూడోది. అది మెల్లగా నా వైపు తిరిగింది.