ఇరవై ఏడున్నర అడుగులు

రెబెకమ్మ గీసిన ప్లాను మీద రెండు టీ గ్లాసులు పెట్టి ఉన్నాయి. ఆత్మకూరు బస్టాండు దగ్గర, కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే మాధవ్ ఆఫీసులో అడుగు పెట్టగానే ఆమె కంట పడింది అదే.

ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ క్లాసులో ఒక్కతే ఆడపిల్లగా కూర్చుని నేర్చుకున్న పని అది. కాలువల ఆఫీసులో ముప్ఫై అయిదేళ్ళు ప్లాన్లు గీసే ట్రేసరుగా చేసి రిటైరయింది. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకు చుక్క పడితే బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మరక ఆనవాలు లేకుండా మళ్ళీ గీసేది. స్థలం చూడకుండా మాత్రం ఏనాడూ పెన్సిలు పట్టలేదు.

ఉదయగిరిలో చర్చి వెనక హాలు కట్టాలని సంఘపెద్ద సురేంద్రబాబు అడిగితే రెండు రోజులు ఎండలో టేపు పట్టుకుని తిరిగింది. స్థలం ముందు వెడల్పు ముప్ఫై అడుగులు, వెనక ఇరవై ఏడున్నర. పక్కనున్న ఓబులమ్మ గొడ్లపాక గోడ ఐమూలగా లోపలికి వస్తుంది. దస్తావేజులోనూ అంతే ఉంది. ఉన్నదున్నట్టు గీసి ఇచ్చింది. అనుమతికి కంప్యూటర్ డ్రాయింగే పెట్టాలంటే సురేంద్రబాబు ఆ కాగితం తెచ్చి మాధవ్ చేతిలో పెట్టాడు.

గ్లాసులు పక్కకు జరిపి ఆమె స్క్రీను వైపు చూసింది. నాలుగు మూలలూ మూలమట్టానికి ఉన్నాయి. వెనక కూడా ముప్ఫై అడుగులే.

"ఇదేంది? వెనక ముప్ఫై ఎట్లొచ్చింది?"

"చేత్తో గీసినప్పుడు అటూ ఇటూ పోతాది మేడమ్. నేను స్ట్రెయిట్ చేసినాను."

"స్థలం చూసినావా నువ్వు?"

"ఫొటోలు పంపించినారు."

రెబెకమ్మ ఒళ్ళు మండిపోయింది. "అది నా చెయ్యి వణికి వచ్చిన వంకర కాదు. అక్కడ గోడ ఉండాది! సరిచెయ్యి."

"చేస్తాలే మేడమ్" అన్నాడు మాధవ్, ఫోను చూసుకుంటూ.

చేయలేదు. పది రోజులకు ఓబులమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, నా పాక గోడ చర్చి స్థలంలో ఉండాదంట. పడగొడతా ఉండారు. ప్లాన్‌లో నా గోడే లేదంట!"

రెబెకమ్మ దస్తావేజు జిరాక్సు, టేపు సంచిలో వేసుకుని దొరికిన బస్సెక్కింది. ఆమె దిగేసరికి గోడ మూడు వరసలు ఊడిపోయి ఉంది. బర్రెను రోడ్డు పక్కన కట్టేసుకుని నిలబడి ఉంది ఓబులమ్మ.

"ఆపండిరా!" ఆ కేక విని మేస్త్రీ గడ్డపార దించాడు.

టేపు ఒక కొస మేస్త్రీ చేతికిచ్చి లాగి, రెండో కొస అక్కడే నిలబడి ఉన్న సురేంద్రబాబుకు చూపించింది. "చదువు, ఎంత?"

"ఇరవై ఏడున్నర."

"ఇప్పుడు దస్తావేజు చదువు. గట్టిగా చదువు, అందరూ వినాల."

ఆయన చదివాడు. అదే అంకె. తల దించుకుని, "కంప్యూటర్‌లో వచ్చిందంటే కరెక్టే అనుకున్న్యా రెబెకమ్మా" అన్నాడు.

"ముప్ఫై అయిదేళ్ళు చేసినదాన్ని, ఎండలో కొలిచి ఇస్తే నమ్మలేదు. చూడకుండా గీసినోణ్ణి నమ్మినారు. ప్రార్థన చేసుకునే హాలు కోసం పక్కింటామె గోడ పగలగొడతారా?"

సంఘం ఆ గోడ మళ్ళీ కట్టించింది. మాధవ్ కొత్త డ్రాయింగు పెట్టాడు. ఈసారి కొలతలన్నీ రెబెకమ్మవే. కింద పేరు మాత్రం మాధవ్‌ది. తన పేరెందుకు లేదని అడగడానికి మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కింది.

"అనుమతి ఫారం లైసెన్సు ఉన్నోళ్ళ పేరే తీసుకుంటాది మేడమ్. ఇంకోదానికి కాలమ్ లేదు."

"నా కొలతలు తీసుకునేదానికి ఉండాదా కాలమ్?" అంది. తన కాగితం చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వచ్చేసింది.

మొన్న వాన పడిన రోజు మాధవ్ ఫోన్ చేశాడు. అనుమసముద్రంపేటలో దర్గా దారిలో ఒక స్థలం ఉందట, మూలలు కుదరడం లేదట. "మీరొకసారి కొలిచి పెడతారా మేడమ్?"

"నీ కాళ్ళకేమయింది?" అని రెబెకమ్మ ఫోన్ పెట్టేసింది.