తెరుచుకోని ట్రే

దేవునికి స్తోత్రం. వేళ్లకు పనిని, కళ్లకు చూపును ఇచ్చి, రిటైరయ్యాక కూడా కంప్యూటరు ముందు కూర్చోవాలన్న బుద్ధి నాకిచ్చి, దాన్ని భరించే ఓపిక నా భార్యకిచ్చిన ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఈ సంగతిలో తెలివి ఎక్కడైనా కనబడితే అది ఆయనది. కంగారు మాత్రం నాది.

కరోనా రావడానికి కొన్నేళ్ల ముందు చోడవరంలో ఒక ప్రైవేటు చెరుకు మిల్లులో సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా చేరాను. హోదా వినడానికి పెద్దదే. నా కింద పనిచేసేది మాత్రం ఇద్దరే, ఒక సర్వరు, ఒక యూపీఎస్. నా పైన జనరల్ మేనేజరు. నాతో సమానమైన హోదాలో కాటా సూపర్‌వైజరు సన్యాసిరావు. హోదా సమానమే గాని, మిల్లులో ఆయన మాట చెల్లినట్టు నా మాట చెల్లేది కాదు.

కాటా అంటే బండి మొత్తాన్ని తూచే తూకం. చెరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి ట్రాక్టరును తూస్తారు. మధ్య తేడా రైతు తెచ్చిన చెరుకు. కొట్టిన చెరుకు ఎండలో నిలబడితే నీరు ఇగిరి బరువు తగ్గుతుంది. అందుకే కాటా ఆగితే నష్టపోయేది వరుసలో ఉన్న రైతు.

తూకం లెక్క కట్టే ప్రోగ్రాము చాలా పాతది. దాన్ని రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఎవరూ దొంగ కాపీలు వాడకూడదని వాళ్లొక ఏర్పాటు చేశారు. ప్రతి తూకానికీ ముందు తమ సీడీ డ్రైవులో ఉందో లేదో ప్రోగ్రాము చూసుకుంటుంది. లేకపోతే తూకం లేదు. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ సీడీ ట్రే బయటికి రాకుండా లోపలినుంచి గడియ కూడా వేసుకుంటుంది.

సన్యాసిరావుకు ఈ సీడీ అంటే భక్తి. ప్రతి ఏడూ గానుగ, అంటే చెరుకు ఆడే సీజను, మొదలయ్యే రోజున దాన్ని పళ్లెంలో పెట్టి, హారతి ఇచ్చి, బొట్టు పెట్టి డ్రైవులో వేసేవాడు. బొట్టు పెట్టేది మెరిసే వైపు. బొమ్మ ఉన్న వైపు పెడితే అందం పోతుందని ఆయన అభిప్రాయం. డ్రైవు చదివేది ఆ మెరిసే వైపేనని చెప్పేవాళ్లు నేను వచ్చేదాకా లేకపోయారు.

నేను వెళ్లేసరికి కంప్యూటరూ సీడీ రెండూ చివరి దశలో ఉన్నాయి. రెండు మూడేళ్లు ఎలాగో నెట్టుకొచ్చి, ఆ కంప్యూటరును సర్వరులో వర్చువల్ మెషిన్‌గా మార్చాను. అంటే ఒక అసలు యంత్రం లోపల, తానూ అసలు యంత్రాన్నే అనుకుంటూ నడిచే మరో యంత్రం. సీడీని మెత్తటి గుడ్డతో తుడిచి, అందులో ఉన్నదంతా ఒకే ఫైలుగా తీశాను. దీన్ని ఐఎస్ఓ ఇమేజి అంటారు. సీడీ ఒక్కసారి చదవనిచ్చింది, మళ్లీ చదవనివ్వలేదు. ఆ ఇమేజిని వర్చువల్ మెషిన్‌కున్న ఉత్తుత్తి సీడీ డ్రైవుకు తగిలించాను. చదవొచ్చు, రాయకూడదు. లోపలి ప్రోగ్రాము తన సీడీ దొరికిందని సంతోషించి, ఉత్తుత్తి ట్రేకు కూడా నిజం గడియే వేసుకుంది.

ఆ ఏడు గానుగ మొదటి రోజు. గేటు నుంచి మాడుగుల రోడ్డు దాకా ట్రాక్టర్లు నిలిచాయి. అందరికంటే ముందు దేవరాపల్లి రైతు అప్పలనాయుడిది. ముహూర్తానికి మొదటి తూకం ఆయనదే. పూజ జరుగుతుంటే నేను అలవాటు ప్రకారం వరండాలో నిలబడి నా ప్రార్థన నేను చేసుకుంటున్నాను. నేను ప్రసాదం తీసుకోనని సన్యాసిరావుకు తెలుసు. అందుకని ఏటా నాకోసం మాడుగుల హల్వా పొట్లం విడిగా, దేవుడికి చూపించకుండా దాచి తెచ్చేవాడు.

ఈసారి పొట్లం లేకుండా వచ్చాడు.

"ఏటి సారూ, మీ డబ్బా తలుపు రాట్లేదు. ఎన్నిసార్లు ఎజెక్ట్ కొట్టినా లాక్ అయిందంటన్నాది. మీ తెరమీద బలవంతంగా తీసే బటనుంది గదా, ఓపాలి నొక్కండి."

అలాంటి బటను ఉన్న మాట నిజమే. లోపలి గడియను లెక్కచేయకుండా సీడీని లాగేస్తుంది. లోపలికెళ్లి నా తెర ముందు కూర్చున్నాను, చెయ్యి మౌసు దాకా వెళ్లింది కూడా. అయినా, ముట్టుకునే వస్తువే లేని ట్రే తెరిచి ఏం చేస్తారని అడిగాను.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. సీడీకి బొట్టు లేకుండా గానుగ మొదలవడం ఆయనకు మనసొప్పలేదు. పొద్దున్నే వచ్చి డ్రైవులో 'శ్రీ' అని ఒక ఫైలు పెట్టబోయాడు. రాయడం కుదరదంది. ఆయన ఊరుకునే మనిషి కాదు. ఇమేజి ఆఫీసులో అందరికీ కనిపించే ఫోల్డరులో ఉందని కనిపెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ప్రోగ్రాముతో దాన్నే తెరిచి, లోపల శ్రీ పెట్టి, అదే పేరుతో సేవ్ చేశాడు. కాని డ్రైవులో చూస్తే శ్రీ కనబడటం లేదు. ఒకసారి తీసి మళ్లీ వేస్తే కనబడుతుందని ఆయన లెక్క.

లెక్క సరైనదే. నేను మౌసు మీదినుంచి చెయ్యి తీసేసింది అందుకే.

తూకం ప్రోగ్రాము సీడీని దాని మొత్తం సైజు చూసి గుర్తుపడుతుంది. శ్రీ చేరితే సైజు మారుతుంది. ట్రే తీసి వేస్తే పరాయి సీడీ అని తూకం మానేస్తుంది. బ్యాకప్‌లో మంచి కాపీ ఉంటుందేమోనని వెతికితే అసలు ఇమేజే లేదు. రోజూ మారేవాటికే బ్యాకప్ తీసేవాళ్లం. మారని దానికి ఎందుకని ఎవరికీ తోచలేదు.

మరి శ్రీ లేని పాత సీడీ డ్రైవులో ఇంకా ఎలా కనబడుతోంది? సేవ్ చేసిన ప్రోగ్రాము కొత్త ఫైలు తయారుచేసి, పాతదాని పేరు దానికి పెట్టేసింది. పేరు పోయినా, డ్రైవు పట్టుకుని ఉన్నంతసేపూ పాత ఫైలు సర్వరులో బతికే ఉంటుంది. వదిలిన క్షణాన పోతుంది. వదలకుండా ఆపుతున్నది ఆ గడియ ఒక్కటే.

సన్యాసిరావును కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దన్నాను. ఆయన నన్ను తేరిపార చూశాడు.

"మీ పుస్తకంలో అచ్చరం మార్చనివ్వరు, నా సీడీలో శ్రీ రాయనివ్వరు. మీకు రాయడమంటే అంత పడదేటి సారూ?"

నేను సర్వరు వైపు తిరిగాను. సర్వరులో ఏ పని ఏ ఫైలును పట్టుకుందో చూపించే చోటు ఒకటుంది. అక్కడ మా సీడీ పేరు, పక్కన 'తొలగించబడింది' అన్న మాట కనిపించాయి. అలా రాసి ఉన్నది బతికే ఉండటం నా వంటి విశ్వాసికి కొత్త సంగతి కాదు. దాన్ని వేరే చోటికి కాపీ పెట్టాను. సగంలో కరెంటు పోయింది. నా కింది ఉద్యోగి యూపీఎస్ కూత పెడుతూ భారం మోశాడు. నేను పైకే ప్రార్థించాను. సన్యాసిరావు తన దేవుణ్ణి తలుచుకున్నాడు. కిటికీలోంచి అప్పలనాయుడు తొంగిచూశాడు.

"ఏటి బాబూ, పెళ్లి జరుగుతన్నాదా లోపల? నా సెరుకు కర్రలైపోతన్నాది."

కాపీ పూర్తయింది. సైజు చూశాను, సరిపోయింది. రెండింటినీ మొదటినుంచి చివరిదాకా పోల్చే ఆదేశం ఇస్తే తేడా లేదంది. దాన్ని అసలు పేరుతో పెట్టి, ఎవరూ రాయకుండా ఆ ఫైలుకే తాళం వేసి, ఇంకో కాపీ వేరే డిస్కులో దాచాకే కాటాకు కబురు పంపాను. ట్రేని ఎవరూ తెరవలేదు. తూకం మొదలైంది. ముహూర్తం దాటిపోయిందని సన్యాసిరావు అప్పలనాయుడికి క్షమాపణ చెబితే, చెరుకు దాటిపోలేదు గదా, చాలన్నాడాయన.

మరుసటి ఆదివారం మిల్లుకు సెలవు. వర్చువల్ మెషిన్ ఆపి, రెండో ఉత్తుత్తి డ్రైవు ఒకటి తగిలించి, శ్రీ ఒక్కటే ఉన్న సీడీ ఇమేజి అందులో పెట్టాను. ఆరాధనకు ఆలస్యంగా వెళ్లినందుకు మా పాస్టరుగారు కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాపుకోలేకపోయారు. సోమవారం నా బల్లమీద హల్వా రెండు పొట్లాలున్నాయి. ఆ రెండో డ్రైవును ఏ ప్రోగ్రామూ చదవదు. ఇప్పటికీ ఉందని విన్నాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే. డ్రైవు రాయనివ్వదంటే లోపలివాళ్లు మార్చలేరని మాత్రమే అర్థం. బయట అదీ మామూలు ఫైలే, దానికి విడిగా కాపలా ఉండాలి. మారనిదని నమ్మినదానికి కూడా నకలు ఉండాలి. బలవంతంగా తెరిచే బటను నొక్కేముందు ఆ గడియ దేన్ని పట్టుకుని ఉందో కనుక్కోవాలి.

చదివినవారు ఒక్క నిమిషం నాతో తల వంచండి. ప్రభువా, తెరువు తెరువు అని మేము కొడుతున్న తలుపు వెనక నువ్వు మాకోసం ఏదైనా భద్రంగా పట్టుకుని ఉంటే, మా చేతిని ఆ బటను మీదినుంచి తీయించు. ఆమేన్.