ఒకే వైరు, నాలుగు గదులు

పోయిన వారం హిమాయత్‌నగర్‌లోని మా ఫ్లాటుకు ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను "ఎన్ని రూముల్లో సిగ్నల్ రావాలమ్మా?" అని అడిగాడు. అన్నింట్లోనూ అని మా అమ్మాయి లోపలినుంచే కేకేసింది. నాకు మాత్రం ఆ ప్రశ్నతో నాంపల్లిలోని మా అత్తవారిల్లు కళ్ళముందుకొచ్చింది.

తొంభైల మొదట్లో నేను కోడలిగా అడుగుపెట్టేనాటికి, స్టేషన్ వెనక సందులోని ఆ ఇంట్లో మామయ్య, అత్తయ్య, బావగారు, నేను అక్కయ్య అని పిలిచే మా తోటికోడలు, పెళ్ళికాని మరిది, అందరం కలిసే ఉండేవాళ్ళం. మామయ్యది మెదక్ వైపు పల్లె. ఆబిడ్స్‌లో ఒక బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. పొద్దుగూకగానే ముందుగదిలో చాప పరిచి, ఆయన పాట ఎత్తుకుంటే అత్తయ్య సన్నని గొంతుతో అందుకునేది. కుటుంబ ప్రార్థన ముగిసి ఆమెన్ అనగానే, ఎవరం లేవకుండా అదే చాపమీద, వేయించిన పల్లీల పళ్ళెం మధ్యలో పెట్టుకుని టీవీ చూసేవాళ్ళం. మామయ్యకు బొమ్మ సరిగా ఆనేది కాదు గానీ, మేం నవ్వినప్పుడల్లా మా మొహాలు చూసి తనూ నవ్వేవారు.

కేబుల్ వచ్చాక బావగారికి క్రికెట్, అక్కయ్యకు, నాకు సీరియళ్ళు, మరిదికి పాటలు కావలసి వచ్చాయి. ఒక సాయంత్రం రిమోట్ దగ్గర మాటా మాటా పెరిగి, బావగారు మర్నాడే ఆబిడ్స్ వెళ్ళి ఇంకో టీవీ కొనుక్కొచ్చి, ముందుగది వైరునుంచి తన గదిలోకి ఒక పాయ లాగించుకున్నారు. కొన్నాళ్ళకు మా ఆయన, ఆ తర్వాత మరిది కూడా అదే పని చేశారు. ఒకే వైరు నాలుగు గదులకు పంచేసరికి ముందుగదిలో బొమ్మ చుక్కలు చుక్కలుగా మారింది. దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అక్కడ కూర్చునేవాళ్ళే లేరు.

మామయ్య ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ప్రార్థన వేళకు ఒక్కో గుమ్మం దగ్గర నిలబడి, "బిడ్డా, జర సౌండు తగ్గించున్రి, ప్రార్థన చేసుకుందాం" అనేవారు.

"ఔ నాయినా, గీ ఒక్క ఓవరు అయినంక వస్తా" అని బావగారి గొంతు లోపలినుంచి వినబడేది. మామయ్య కాసేపు ఎదురుచూసి, చాపమీద అత్తయ్య పక్కన కూర్చుని పాట మొదలుపెట్టేవారు.

ఒక వానాకాలం సాయంత్రం అత్తయ్య చర్చిలో స్త్రీల కూడికకు వెళ్ళింది. మేమంతా ఎవరి గదుల్లో వాళ్ళం ఉన్నాం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. టీవీలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలో ముందుగదిలోంచి బొంగురుగా ఏదో మూలుగు వినిపించింది. అందరం పరిగెత్తాం. మామయ్య చాపమీద ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నారు. నోరు వంకరపోయింది, కుడిచెయ్యి కదలడం లేదు.

"ఎప్పటిసంది పిలుస్తున్నడో నాయిన!" అంటూ బావగారు తల బాదుకున్నారు. ఎప్పటినుంచో ఇన్నేళ్ళైనా మాకెవరికీ తెలియదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే, ఆయన తల ఒళ్ళో పెట్టుకున్న మరిది దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు.

ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఇంటికి తెచ్చిన సాయంత్రం ఒక్క టీవీ కూడా పెట్టకుండా అందరం ఆయన మంచం చుట్టూ కూర్చున్నాం. పాట ఎవరెత్తుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి అత్తయ్యే మొదలుపెట్టింది. మామయ్య పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

కొన్నాళ్ళు అలా గడిచాయి. తర్వాత ఏదో మ్యాచ్ వచ్చిందని ఒక గదిలో చిన్నగా పెట్టారు. సీరియల్ ఏమైందోనని ఇంకో గదిలో పెట్టాం. క్రమంగా ఎప్పటిలాగే అయింది. మరిది కంప్యూటరు కొని ఇంటర్నెట్ తీగ కూడా లాగించుకున్నాక అతని తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. మామయ్య పోయారు. ఏడాది తిరక్కుండా అత్తయ్యా పోయింది. ఇల్లు అమ్మేశాక ఒకే ఊళ్ళో ఉంటూ కూడా పెళ్ళిళ్ళలో తప్ప కలుసుకోవడం మానేశాం.

మన తరంవాళ్ళం అప్పట్లో కరెంటు పోతే విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు పోయినా తెలియదు, ఇన్వర్టర్ అందుకుంటుంది. అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. పక్కగదిలోంచి ఎవరైనా పిలిస్తే వినబడేంత నిశ్శబ్దం మాత్రం ఏ ఇంట్లోనూ మిగల్లేదు.