ఎండ పోయాక రాసిన మందు

పాల్మాకులలో మా చేలో టమాటాలు తెంపుతుండగా బుగ్గలు, మెడ నిప్పు తగిలినట్టు మండాయి. చెమటకాయలనుకున్నాను. వారం తిరిగేసరికి ఎర్రటి మచ్చలు లేచి పొలుసులు రాలాయి.

ఆదివారం మా ప్రార్థనలో అందరం ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగుతాం. నా తర్వాత తాగాల్సిన తోటికోడలు మార్తమ్మ గిన్నె పట్టుకోకుండా పక్కకు జరిగింది.

"ఏందే, తాగవా?" అన్నాను.

"నీ మొఖం జూస్తే భయమైతుందక్కా. పెద్దరోగమేమో. జర దవాఖానల చూపించుకో."

ఇగ ఆనాటి నుంచి నేను ఆ గిన్నె ముట్టలేదు. వెనక చాప మీద కూచున్నాను.

పట్నంలో చర్మం డాక్టరమ్మ మచ్చలను దూదితో తాకి, "తెలుస్తోందా?" అని అడిగింది. తెలిసింది. బయాప్సీ అని చిన్న ముక్క కోసింది. రిపోర్టు వచ్చాక, "కుష్టు కాదండి. మీ చర్మానికి ఎండ పడదు. ఫోటోడెర్మటైటిస్. ఈ ఆయింట్‌మెంటు, ఈ సన్‌స్క్రీన్ రోజూ రాయండి" అంది. ఎప్పుడు రాయాలో చెప్పలేదు. ట్యూబుల మీద అంతా ఇంగ్లీషే. ముసలితనాన నేర్చుకున్న నా తెలుగు అక్షరాలు అక్కడ పనికిరాలేదు.

మందు ఎప్పుడు రాస్తాం? పని ముగించి, స్నానం చేసి, పడుకోబోయే ముందు. రెండూ అలాగే రాశాను. మచ్చలు చేతులకు పాకాయి. మండిపడుతూ మళ్లీ పోయాను.

"గిదేం మందమ్మా? ఇంకా ఎక్కువైంది."

"సన్‌స్క్రీన్ ఎప్పుడు రాస్తున్నారు?"

"పొద్దుగూకినంక, తానం జేసి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎండ పోయాక గొడుగు వేసుకుంటున్నారండి మీరు."

"గా ముక్క మొదలే చెప్పొద్దా? గిన్నెకు దూరమై కూసున్న నేను."

గిన్నె సంగతి ఆమెకు అర్థం కాలేదు. అయినా ఈసారి ట్యూబు నొక్కి తన రెండు వేళ్ల పొడుగునా గీసి చూపించింది. "ఇంత ముఖానికీ మెడకూ. చేతులకు వేరే. చెవులు మరవొద్దు. బయల్దేరే ముందే రాయాలి. రెండు గంటలకోసారి, చెమట పడితే ఇంకా ముందే, మళ్లీ రాయాలి. రాశాను కదా అని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడకండి."

తెల్లటి ముఖంతో చేలో దిగితే "పెండ్లిపిల్ల వచ్చింది" అని కూలీలు నవ్వారు. నవ్వనీ. మా ఆయన పొడుగు చేతుల అంగీ చీర మీద తొడుక్కుని, కొంగు తలకు చుట్టి, ఎండ ముదరకముందే ఇల్లు చేరేదాన్ని. మంట తగ్గింది, పొలుసులు పోయాయి. నల్లటి మరకలు మాత్రం ఇంకా ఉన్నాయి.

మొన్న ఆదివారం, ఇది కుష్టు కాదని మార్తమ్మకు చెప్పి, ముందు చాప మీదికి పోయాను. నేను తాగి గిన్నె చాపితే మార్తమ్మ ఆ మరకలు చూసింది. రెండు చేతులా గిన్నె అందుకుని తాగింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "గా తెల్లమందు చెవి కింద అంటింది. తుడుచుకో అక్కా" అని గొణిగింది.

"తుడువ. ఇంటికి ఎండలనే పోవాలె."

మీకూ డాక్టర్లు మందు రాసిస్తే ఎప్పుడు, ఎంత అని అడగండి. వాళ్ల ముందే ఒకసారి ఒంటికి రాసుకుని చూపించండి. విసుక్కుంటే విసుక్కోనీ.