ఆ జ్వరానికి కాని సూది

తిరుత్తణి తాలూకాలో మశూచికి టీకాలు వేయడం నా ఉద్యోగం. ఉద్యోగం అనడం మర్యాదకు. నిజానికి సైకిలు తొక్కడం, తలుపులు తట్టడం, తిట్లు తినడం, మర్నాడు మళ్ళీ అదే వీధికి పోవడం. కే.జీ.కండిగై దాటాక ఒక నేతగాళ్ళ వీధి ఉండేది. నా సైకిలు గంట వినగానే అక్కడ పిల్లలు మాయమయ్యేవాళ్ళు. దాచడానికి వాళ్ళకు అటకలు అక్కర్లేదు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత ఉంది కదా, పిల్లల్ని అందులోకి దించి, పైన కూర్చుని ఏమీ ఎరగనట్టు నేసుకునేవాళ్ళు.

చివరింట్లో ఒక అక్క ఉండేది. భర్త లేడు. కొడుకు, కోడలు, మూడేళ్ళ మనవరాలు.

"పాప యాడక్కా?" అని అడిగేవాణ్ణి.

"వాళ్ళ అమ్మమ్మోళ్ళ ఊరికి పోయిండాదయ్యా," అనేది నా కళ్ళలోకి చూస్తూ.

గుంతలోంచి పాప దగ్గు వినిపిస్తూనే ఉండేది. వంగి చూసే ఓపిక నాకు లేదు. రేపు చూద్దాంలే అనుకుని సైకిలెక్కేవాణ్ణి.

యాభై ఏడు వేసవిలో మద్రాసు రేవులో ఓడ దిగి కొత్త జ్వరం వచ్చింది. ఫ్లూ అన్నారు. ప్రపంచమంతా ఉందట. చూస్తుండగానే ఊళ్ళు మంచాన పడ్డాయి, ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నాకూ వచ్చి తగ్గింది. ఒళ్ళు నొప్పులతోనే పనికి బయలుదేరాను. ఆ రోజు, నా ఉద్యోగంలో మొదటిసారి, జనం నాకోసం వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు అక్క, ఆమె చంకలో పాప.

"ఈ పాడు జరానికి ఊసి ఏసి పో అయ్యా. నీకు పుణ్యముంటుంది," అంది.

ఆ జ్వరానికి నా దగ్గర సూది లేదు. సంచిలో ఉన్నది ఎప్పుడూ ఉండే మశూచి మందే. ఆ మాట అంటే పాప మళ్ళీ గుంతలోకి పోతుంది. మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగినా దొరకని చెయ్యి అది. నోరు మూసుకుని మందు చుక్క పెట్టి, చుట్టూ పళ్ళున్న టీకా సూది ఆనించి తిప్పాను. పాప కేరుమంది. అక్క కొడుకు కూడా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగాను. ఒక్క పూటలో వీధి మొత్తం అయిపోయింది. అబద్ధమేమీ చెప్పలేదు కదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

వారం తర్వాత, టీకా పట్టి పొక్కులు లేచాయో లేదో చూడటానికి పోయాను. పాప చేతిమీద పొక్కు చక్కగా లేచింది. పాప తండ్రి మాత్రం ఫ్లూ జ్వరంతో చనిపోయాడు.

"నా కొడుకూ ఊసి ఏసుకున్నాడు కదయ్యా," అంది అక్క. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అది అమ్మవారు రాకుండా వేసేదక్కా. ఈ జ్వరానికి కాదు."

"ఆ పొద్దే ఏల చెప్పలేదు?"

సంచి తీసుకుని సైకిలెక్కాను.

కోడలు అప్పటికే గర్భిణి. బాబు పుట్టాడని తెలిసి మళ్ళీ పోయాను. ఏడుపు గుంతలోంచి వస్తోంది. ఈసారి వంగాను, బతిమాలాను, ఇది అమ్మవారికేనని ఒట్టు వేశాను. అక్క మగ్గం ముందునుంచి లేవలేదు.

"నీ మాట ఇంక ఎట్ల నమ్మేదయ్యా?" అంది.

ఎన్నిసార్లు పోయినా అదే మాట. బాబు నడక నేర్చాక ఆ వీధికి మశూచి వచ్చింది. బాబు బతికాడు, కళ్ళు పోయాయి. అదే ఇంట్లో, అదే చాపమీద పడుకున్న పాపకు ఒక్క పొక్కు కూడా రాలేదు.

అరవైలో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, నన్ను తిరువళ్ళూరుకు మార్చారు. పోయే ముందు ఎందుకో ఆ వీధికి పోయాను. పాప, తమ్ముడి చెయ్యి పట్టుకుని వాకిట్లో నడిపిస్తోంది. నా సంచి చూసి గుర్తుపట్టింది. జబ్బమీద మచ్చ చూపించింది.

"నాకు ఏసినావు కదా, తమ్ముడికి ఏల ఏయలేదు?"

"మీ అవ్వ ఒప్పుకోలేదు పాపా," అన్నాను.

ఈసారి కూడా నేను అబద్ధం చెప్పలేదు.